తాతగారు 92 ఏళ్లు బతికారు, నా షుగరు రిపోర్టులో 6.1 వచ్చింది: మన చేతిలో ఉన్నదెంత? మొదలుపెట్టింది నిలిచేదెలా?

నడక_మధ్యలో అడిగారు:

వయసు 47, మగ. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. ఫాస్టింగ్ షుగరు 112, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటు) 6.1, ల్యాబులో చూసిన బీపీ 138/88. పొగ, మందు అలవాట్లు లేవు. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో పని. నాన్నగారికి షుగరు ఉంది. డాక్టరుగారు ఇప్పుడే మందు అక్కర్లేదని, మూడు నెలలు అలవాట్లు మార్చి చూద్దామని అన్నారు.

మూడు సంగతులు అడగాలి. తాతగారు నెయ్యి, ఆవకాయ, మూడు పూటలా అన్నం తిని 92 ఏళ్లు బతికారు. "ఆయుష్షు నుదుటి రాత, నువ్వు కడుపు మాడ్చుకుంటే పెరుగుతుందా" అంటారు ఇంట్లో. ఇందులో నిజమెంత? రెండోది, అన్నీ ఒకేసారి మార్చడం నావల్ల కాదు. దేనితో మొదలుపెడితే ఎక్కువ ఫలితం? మూడోది, పొద్దున్నే నలభై నిమిషాల వాకింగ్ ఎప్పుడు మొదలుపెట్టినా సరిగ్గా మూడు వారాలకు ఆగిపోతోంది. నిలబెట్టుకునే దారి ఏమిటి?

లెక్కప్రకారం రాశారు:

మీ మూడో ప్రశ్నే అసలుది. అయినా మొదటిది తేల్చకపోతే అది ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది కాబట్టి ముందు దాని సంగతి.

ఆయుష్షులో వంశం వాటా ఎంతో తేల్చడానికి కవలల లెక్కలు బాగా పనికొచ్చాయి. డెన్మార్క్‌లో 1870–1900 మధ్య పుట్టిన 2,872 కవల జంటల వివరాలను 1996లో ప్రచురించారు. మనిషికీ మనిషికీ ఆయుష్షులో కనిపించే తేడాలో వంశం నుంచి వచ్చింది మగవారిలో సుమారు 26 శాతం, ఆడవారిలో 23 శాతం. మిగతాది బతుకు తీరు, పరిసరాలు, కొంత అదృష్టం. నూరేళ్లు దాటేవారి విషయంలో జన్యువుల పాత్ర ఇంతకంటే ఎక్కువే. మన గొడవ నూరేళ్ల గురించి కాదు, 60–75 మధ్య మంచాన పడకుండా ఉండడం గురించి.

తాతగారి కంచం గుర్తుంది, కానీ ఆయన కాళ్లు ఎంత తిరిగాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పొలానికి నడక, పశువుల పని, నీళ్లు మోయడం, చీకటి పడగానే నిద్ర, రెండు భోజనాల మధ్య ప్యాకెట్ తిండి లేకపోవడం: ఇవన్నీ ఆ నెయ్యి వెనక ఉన్నాయి. పైగా అదే ఊళ్లో అదే తిండి తిని అరవైకే పోయినవాళ్లను ఎవరూ ఉదాహరణగా చెప్పరు. బతికినవాళ్లే కళ్లముందు ఉంటారు.

మీ కుర్చీకి దగ్గరగా ఉండేది లండన్ బస్సుల పరిశీలన. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడి బృందం డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూసింది. ఒకే సంస్థ, ఒకే బస్సు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ వచ్చింది. కండక్టరు ఎవరూ వ్యాయామం చేద్దామని మెట్లెక్కలేదు, పనిలో భాగంగా ఎక్కాడు. మూడో ప్రశ్నకు కూడా ఇందులో సగం జవాబు ఉంది.

ఇక మీ 6.1. 5.7 నుంచి 6.4 వరకు షుగరుకు ముందు దశ. ఈ దశ మీద మన దగ్గరే మంచి పరిశోధన జరిగింది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ఇచ్చింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో 55 శాతం మందికి షుగరు వచ్చింది, తిండి, నడక మార్చినవారిలో 39.3 శాతానికి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఇచ్చినా దాదాపు ఇంతే లాభం, రెండూ కలిపినా అంతకు మించలేదు. నన్ను బాగా ఆకట్టుకున్నది మరొకటి ఉంది: అలవాట్లు మార్చినవారి బరువు పెద్దగా తగ్గలేదు, అయినా షుగరు రాక తగ్గింది. కాబట్టి నెల తర్వాత తూకం కదల్లేదని మానేయకండి. తూకానికి కనిపించని మేలు లోపల జరుగుతూ ఉంటుంది. బరువు కూడా తగ్గితే మంచిదే. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద పరిశోధనలో వారానికి 150 నిమిషాల నడక, 7 శాతం బరువు తగ్గుదల లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగరు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. మీకు 7 శాతమంటే ఐదున్నర కిలోలు.

పొగ మీకు లేదు. చదివేవారిలో ఉన్నవారికి ఒక మాట: బ్రిటిష్ డాక్టర్లను 50 ఏళ్లు గమనించిన లెక్క ప్రకారం పొగతాగేవారు సగటున పదేళ్లు ముందే పోతారు. 40కి మానేస్తే అందులో తొమ్మిదేళ్లు, 50కి మానేస్తే ఆరు, 60కి మానేసినా మూడేళ్లు తిరిగొస్తాయి. ఖైనీ, గుట్కా, ఉత్తరాంధ్ర ఊళ్లలో పెద్దమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, వీటికి నోటి క్యాన్సరు ముప్పు అదనం. ఇంట్లో ఎవరికైనా ఇవి ఉంటే అన్నం, నడక తర్వాత, ముందు అది మాన్పించాలి.

రెండో ప్రశ్నకు నా జవాబు: రాత్రి భోజనం తర్వాత నడక, మధ్యాహ్నం కంచంలో అన్నం వాటా తగ్గించడం. ఈ రెండూ చాలు మొదటి రెండు నెలలకు.

కందిపప్పు రాశారు:

అన్నం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే "అన్నం తగ్గించండి" అన్న సలహా మన ఇళ్లలో ఎందుకు పనిచేయదో చాలామంది చెప్పరు.

మన భోజనం వాయిదాల్లో సాగుతుంది. పచ్చడితో రెండు ముద్దలు, పప్పుతో కొంచెం, కూరతో కొంచెం, చారుతో ఇంకొంచెం, చివర పెరుగుతో. ప్రతి వాయిదాకూ అన్నం మళ్లీ వడ్డిస్తారు. తినేవాడికి ప్రతిసారీ "కొంచెమే" అనిపిస్తుంది, అయిదు కొంచేలు కలిస్తే గుట్ట అవుతుంది. కాబట్టి ముద్దలు లెక్కపెట్టుకోవడం కాదు, వాయిదాలు తగ్గించాలి. అన్నం ఒక్కసారే, రెండు హస్తాలు (వడ్డించే గరిటెలు), ఉడికిన అన్నం 150 గ్రాములకు కాస్త అటూఇటూ, కంచంలో పెట్టుకుని గిన్నె వంటింట్లోకి పంపేయండి. ఆ అన్నాన్ని ఏ రెండింటితో తింటారో మీ ఇష్టం. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టుండని వారు దాన్నే ఉంచుకుని, చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగన్నం మీద అంత మమకారం లేనివారు మజ్జిగ తాగి లేవండి.

కొలత తెలియాలంటే ఒకసారి తూకం వేయక తప్పదు. రైస్ కుక్కరుతో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అందులో పట్టే బియ్యం దాదాపు 150 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజుకు వేసిన కంచం ఇలా ఉంటుంది: ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఆ 250లోనే పొద్దున ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ కూడా ఉన్నాయన్నది మరిచిపోతాం. మన కంచాల్లో ధాన్యం దీన్ని దాటిపోతుంది, కూర సగానికి రాదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అన్నం సగం చేస్తారు, కూరా పప్పూ పాత కొలతలోనే ఉంచుతారు. సాయంత్రం అయిదుకు నకనకలాడే ఆకలి. అప్పుడు మిక్చరు, బిస్కెట్లు, బండి మీద పునుగులు. మధ్యాహ్నం మిగిల్చిన కేలరీలు అక్కడే పోతాయి, "నాకు నిగ్రహం లేదు" అన్న దిగులు అదనం. నిగ్రహం తక్కువ కాలేదు, మాంసకృత్తులు తక్కువయ్యాయి. మీ బరువుకు రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. నలుగురికీ కలిపి చిన్న గ్లాసుడు కందిపప్పు వేసి నీళ్లపప్పు చేస్తే ఒక్కొక్కరికి నాలుగైదు గ్రాములే దక్కుతాయి. పప్పు గట్టిగా, మనిషికి 30–40 గ్రాముల పచ్చిపప్పు చొప్పున వేయండి. రెండు గుడ్లలో 12–13 గ్రాములు, 25 గ్రాముల పొడి మీల్ మేకర్‌లో సుమారు 13, పిడికెడు నానబెట్టిన శనగలో అలసందలో 8, కప్పు పెరుగులో 6–7, వంద గ్రాముల చేపలోనో చికెన్‌లోనో 20 పైన. ఆ అయిదు గంటల ఆకలికి ఉడికించిన శనగలు నాలుగు గంటలకే తినేయండి, ఆకలి వేశాక వెతుక్కుంటే చేతికి బజ్జీయే అందుతుంది.

తినే వరస కూడా పనిచేస్తుంది. ముందు కూరలో సగం, పప్పు కొంచెం ఉత్తినే తిని తర్వాత అన్నం కలుపుకుంటే భోజనం తర్వాత షుగరు అంత ఎత్తుకు ఎగబాకదు. 2015లో న్యూయార్క్‌లో షుగరు ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని వరస మార్చి పెట్టి చూశారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిన్న రోజు అరగంటకు, గంటకు, రెండు గంటలకు చూసినా షుగరు తక్కువే. చిన్న పరిశోధనే, కానీ ఖర్చు లేని పని.

కొర్రలు, సామలు వాడేవారికి: బియ్యంలో వందకు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే వీటిలో 60–67 ఉంటుంది. పీచు ఎక్కువ, కానీ "మిల్లెట్సే కదా" అని రెట్టింపు పెట్టుకుంటే లాభం పోతుంది. పాలిష్ పట్టి తెల్లగా మెరిసేవి కొనకండి. మెత్తటి పిండితో కాచిన రాగి జావ షుగరును త్వరగానే పెంచుతుంది. రాగి సంకటి కూరతో తినడం మేలు.

నూనె, ఉప్పు గరిటెతో కొలవద్దు, నెల సరుకుల చీటీతో కొలవండి. మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె అంటే నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. చీటీలో ఆరు ఉంటే ఎక్కడ పోతోందో వెతకండి, తరచు వేపుడులోనూ దోసెలోనూ దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే నలుగురికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్టు అయిపోతూ, పైన పచ్చళ్లు, అప్పడాలు, ఊరమిరపకాయలు ఉంటే మీ బీపీకి కారణం అక్కడే ఉండొచ్చు. చైనాలో 600 ఊళ్లలో మామూలు ఉప్పులో పావు వంతు పొటాషియం ఉప్పు కలిపి వాడించారు. 2021లో వచ్చిన ఆ ఫలితాల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. అలాంటి ఉప్పు ఇక్కడా దొరుకుతుంది కానీ కిడ్నీ జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడక్కుండా వాడకూడదు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

కఫ్‌సైజు రాశారు:

ల్యాబులో ఒకసారి చూసిన 138/88ను పట్టుకుని భయపడనూ వద్దు, వదిలేయనూ వద్దు. పై చేతికి కట్టే మిషన్ కొనండి, మణికట్టుది వద్దు. మామూలు కఫ్ (చేతికి చుట్టే పట్టీ) పై చేతి చుట్టుకొలత 22–32 సెంటీమీటర్లు ఉన్నవారికి సరిపోతుంది. చెయ్యి లావుగా ఉండి కఫ్ చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది.

చూసే అరగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. మూత్రం పోసి వచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి (కాలు మీద కాలు వేయకుండా) అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. కఫ్ గుండె ఎత్తులో ఉండేలా చెయ్యి బల్ల మీద పెట్టండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పొద్దున రెండు, సాయంత్రం రెండు, వారం రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టే, ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది మన భారతీయులకు పెట్టిన హద్దు. మీరు ఎనిమిది దాటారు. ప్యాంటు సైజు చూసి చెప్పకండి, ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటాం.

నడక_మధ్యలో అడిగారు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండి. మూడు సందేహాలు. భోజనం చేశాక నడిస్తే అరగదని ఇంట్లో పెద్దలు అంటారు. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి. ఇంకొకటి, రోజుకు పదివేల అడుగులు పెట్టమని ఫోను చెబుతోంది, నాకు నాలుగు వేలు కూడా రావడం లేదు.

మెట్లదారి రాశారు:

పదివేల అంకెను పక్కన పెట్టండి. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరుకు "పదివేల అడుగుల మీటరు" అని పేరు పెట్టారు, అలా పుట్టిన అంకె అది. 2022లో అనేక దేశాల లెక్కలు కలిపి చూస్తే అరవై లోపువారికి 8–10 వేల దగ్గర, అరవై దాటినవారికి 6–8 వేల దగ్గర మరణాల ముప్పు తగ్గడం నిలిచిపోతోంది. అంతకంటే ముఖ్యంగా, లాభంలో పెద్ద వాటా కింది మెట్లలోనే ఉంది. నాలుగు వేల నుంచి ఆరు వేలకు వెళ్లడం ఎనిమిది నుంచి పదికి వెళ్లడం కంటే ఎక్కువ మేలు. మీ నాలుగు వేలకు వెయ్యి కలపండి చాలు, అది పది నిమిషాల పని. నిమిషానికి వంద అడుగులు పడితే చాలినంత వేగం. మాట్లాడగలగాలి, పాట పాడాలంటే ఊపిరి అందకూడదు.

భోజనం తర్వాత పరుగెత్తితే ఇబ్బంది కానీ నిదానంగా నడిస్తే కాదు. 2013లో అరవై దాటినవారి మీద చేసిన ఒక చిన్న పరిశోధనలో మూడు పూటలా తిన్న తర్వాత 15 నిమిషాల చొప్పున నడిచినవారికి రోజంతటి షుగరు తగ్గింది, పొద్దున్నే ఒకేసారి 45 నిమిషాలు నడిచినంతగా. రాత్రి భోజనం తర్వాతి షుగరును తగ్గించడంలోనైతే పొద్దుటి నడక కంటే మేలు. కారణం తేలికే: తిన్న చక్కెర రక్తంలోకి వచ్చే సమయానికే కండరం దాన్ని లాగేసుకుంటుంది. గుండెనొప్పి ఉన్నవారు మాత్రం తిన్న వెంటనే నడిచేముందు డాక్టరును అడగాలి.

రెండునిమిషాలు రాశారు:

మూడు వారాల దగ్గర ఆగిపోవడం మీ ఒక్కరి బలహీనత కాదు. "21 రోజులు చేస్తే అలవాటు అయిపోతుంది" అన్న మాట 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ పుస్తకం నుంచి పుట్టింది. నిజంగా కొలిచింది లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం. 96 మంది రోజూ ఒక పని ఎంచుకుని చేశారు. ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, కొందరికి 254 రోజుల అంచనా వచ్చింది. తాగునీటి అలవాటు త్వరగా వచ్చింది, వ్యాయామం ఆలస్యంగా. అంటే 21వ రోజున మీరు మూడో వంతు దారిలో ఉన్నారు. రిపోర్టు పుట్టించిన భయం అప్పటికి చల్లారుతుంది, అలవాటు ఇంకా బిగియదు. ఆ మధ్య గుంటలోనే పడుతున్నారు. గుంట ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి మూడో వారం నుంచి ఏడో వారం వరకు పని చిన్నదిగా ఉండేలా చూసుకోవాలి.

పొద్దున్నే నలభై నిమిషాలు అన్న ఏర్పాటులోనే లోపముంది. అది నిలవాలంటే రాత్రి పదికి పడుకోవాలి, అయిదున్నరకు లేవాలి, బూట్లు వేసుకోవాలి, కుక్కలు లేని దారి వెతకాలి, వచ్చి స్నానం చేసి బస్సు అందుకోవాలి. అయిదు కొక్కేల గొలుసు. ఏ ఒక్కటి ఊడినా ఆ రోజు సున్నా.

రోజూ తప్పకుండా జరిగే పనికి దీన్ని ముడివేయండి. మనకు రోజుకు మూడుసార్లు తప్పని పని ఒకటి ఉంది: తిన్నాక చెయ్యి కడుక్కోవడం. "రాత్రి భోజనం చేసి చెయ్యి కడుక్కోగానే చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్లొస్తాను." ఈ వాక్యాన్ని ఇలాగే, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తానో స్పష్టంగా కాగితం మీద రాయండి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు చూపించింది ఇదే: "రేపటి నుంచి నడుస్తాను" అనుకున్నవారి కంటే "ఫలానాది కాగానే ఫలానా పని" అని కట్టుకున్నవారు ఎక్కువగా చేస్తారు. చేద్దామా వద్దా అన్న చర్చకు తావుండదు. చెప్పులు వాష్‌బేసిన్ నుంచి చూస్తే కనిపించే చోట పెట్టండి. టీవీ ముందు కూర్చున్నాక లేవడం కష్టం, కూర్చోకముందే వెళ్లడం తేలిక.

మొదటి రెండు వారాలు రాత్రి అయిదు నిమిషాలే. ఉత్సాహం వచ్చినా పెంచకండి, ఈ రెండు వారాల్లో కట్టేది ముడి, కాళ్ల బలం కాదు. మూడు, నాలుగు వారాల్లో పది నిమిషాలు. అయిదో వారం నుంచి ఆఫీసులో మధ్యాహ్నం టిఫిను బాక్సు కడిగాక పది నిమిషాలు కలపండి. ఏడో వారం నుంచి రెండూ పదిహేను. మూడో నెలలో పొద్దుటి టిఫిన్ తర్వాత ఒక పది. అప్పటికి రోజుకు నలభై, వారానికి 280 నిమిషాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150–300 మధ్యలోకి వచ్చేస్తారు.

ఆటంకాలు ఊహించగలిగినవే కాబట్టి జవాబులు ముందే రాసుకోండి. వాన పడితే అపార్టుమెంటు వరండా లేదా కారు పార్కింగు. మే నెలలో విజయవాడ ఎండకు మధ్యాహ్నం బయటికి వెళ్లొద్దు, ఆఫీసు కారిడారులోనే. పెళ్లి భోజనమైతే చెయ్యి కడుక్కుని మండపం చుట్టూ రెండుసార్లు. ప్రయాణంలో ప్లాట్‌ఫారం మీద. ఒంట్లో బాగోలేకపోతే గేటు దాకా రెండు నిమిషాలు, జ్వరం ఉంటే అదీ వద్దు. ఒక రోజు తప్పితే ఏమీ కాదు, లాలీ లెక్కల్లో ఒక రోజు మానినవారి అలవాటు చెడలేదు. వరసగా రెండో రోజు తప్పకుండా చూసుకోండి. "ఎలాగూ తప్పింది కదా, సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడదాం" అన్నచోటే ఎక్కువ నడకలు ఆగిపోతాయి.

గోడ మీది తిథుల క్యాలెండరులో నడిచిన రోజు గడిలో పెన్నుతో గీత పెట్టండి. బరువు వారానికి ఒక్కసారే, అదే రోజు, పొద్దున్నే. రోజూ తూకం చూస్తే ముందు రోజు ఉప్పుకూ నీళ్లకూ కిలో అటూఇటూ ఊగి మనసు పాడవుతుంది.

భయంతో మొదలైంది భయం తగ్గగానే ఆగుతుంది. డెసి, రయన్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పినట్టు, ఇతరులు తిడతారని చేసే పని కంటే తనకు విలువైనదని చేసే పని ఎక్కువ కాలం నిలుస్తుంది. "షుగరు రాకూడదు" అన్నది కనిపించని లక్ష్యం. "55వ ఏట అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆగకుండా కాదు, కానీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాలి" అన్నది కనిపించే లక్ష్యం. మీకు ఏది ముఖ్యమో మీరే రాసుకోండి. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 43 వేల మందిని ఏడేళ్లు గమనించినప్పుడు, బతుకుకు ఒక అర్థం ఉందని చెప్పినవారి కంటే లేదన్నవారిలో మరణాల ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపించింది. జబ్బుగా ఉన్నవారికి అర్థం లేదనిపించడం కూడా సహజమే కనుక ఇందులో ఏది కారణమో పూర్తిగా విడదీయలేం. అయినా ఉదయం లేవడానికి ఒక పని ఉండడం చిన్న సంగతి కాదు.

చివరిగా మీ ఫోను. పైన చెప్పిన రామచంద్రన్ బృందమే ఆగ్నేయ భారతంలో 35–55 ఏళ్ల ఉద్యోగస్తులైన 537 మంది మగవారి మీద, అచ్చం మీలాంటివారి మీద, మరో పరిశోధన చేసి 2013లో ప్రచురించింది. సగం మందికి రెండేళ్ల పాటు తిండి, నడక గుర్తుచేసే ఎస్సెమ్మెస్‌లు వెళ్లాయి. వారిలో 18 శాతానికి, మిగతావారిలో 27 శాతానికి షుగరు వచ్చింది. ఎవరి మనసు ఏ దశలో ఉందో చూసి మాట మార్చి పంపారు. మీరూ రాత్రి తొమ్మిదికి ఒక అలారం పెట్టి, దానికి మీ మాటలతోనే పేరు పెట్టండి. రెండు వారాలకోసారి ఆ వాక్యం మార్చండి, లేకపోతే కళ్లకు అలవాటై చెయ్యి దానంతటదే ఆపేస్తుంది.

ఇంట్లోవారిని కూడా తీసుకెళ్లండి. మనుషులతో మంచి సంబంధాలున్నవారు ఎక్కువకాలం బతుకుతారని 148 పరిశోధనలు కలిపి 2010లో చూపించారు. అయితే "ఆవిడ వస్తేనే వెళ్తాను" అనుకోవద్దు. తోడు సంతోషానికి, ముడి మాత్రం చెయ్యి కడుక్కోవడానికే.

కుర్చీలేచి రాశారు:

మోకాలి సంగతి. మెట్లు దిగేటప్పుడు నొప్పి అంటే తరచుగా తొడ ముందుభాగం కండరం బలహీనంగా ఉందని. దిగేటప్పుడు బరువంతా అదే ఆపాలి. ఆరు వారాలు మెట్లెక్కండి, దిగడానికి లిఫ్టు వాడండి.

45 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీని గోడకు ఆనించి, మీద మడతపెట్టిన దుప్పటి వేసి ఎత్తు పెంచండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవండి, మూడు లెక్కపెడుతూ నిదానంగా కూర్చోండి. ధబ్బున కూలబడితే సగం ఉపయోగం పోతుంది, దిగేటప్పుడు కూడా బలం పెరుగుతుంది. ఎనిమిదిసార్లు, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఎనిమిది. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. రెండు వారాలకు దుప్పటి తీసేయండి. దాంతోపాటు గోడకు చేతులు ఆనించి పది తోపులు, వంటగట్టు పట్టుకుని పదిహేనుసార్లు మునివేళ్ల మీద లేవడం. మొత్తం పన్నెండు నిమిషాలు. మర్నాడు తొడలు పట్టేసినట్టుంటే మామూలే. మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా ఆపి ఎముకల డాక్టరును కలవండి.

షుగరుకూ దీనికీ సంబంధం సూటిగా ఉంది. ఇన్సులిన్ పనిచేసినప్పుడు గ్లూకోజు ఎక్కువ భాగం వెళ్లేది కండరంలోకే. గోదాము చిన్నదైతే సరుకు రోడ్డున పడుతుంది. భారతదేశం కూడా ఉన్న 17 దేశాల పరిశోధనలో (2015) చేతి పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణాల ముప్పు 16 శాతం చొప్పున ఎక్కువ కనిపించింది.

నిద్రవేళ రాశారు:

ఎవరూ నిద్ర ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా. 1999లో చికాగోలో 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చారు. గ్లూకోజును సర్దుకునే శక్తి వారిలో స్పష్టంగా పడిపోయింది. ఏడు గంటలు తక్కువ కాకుండా చూసుకోండి. పడుకునే వేళ కంటే లేచే వేళ స్థిరంగా ఉంచడం తేలిక, ఆదివారమైనా సరే. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే అయిదు గంటల పైచిలుకు పడుతుంది, కాబట్టి చివరి టీ మూడింటికి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర అయితే అదే 35 గ్రాములు. వారానికి అర చెంచా తగ్గిస్తే నాలుక గుర్తుపట్టదు, ఒక్కసారే మానేస్తే నాలుగో రోజుకు మళ్లీ మొదలవుతుంది.

గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడడం, పగలు కునుకు: ఈ మూడూ ఉంటే నిద్ర పరీక్ష చేయించండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే బీపీ, షుగరు రెండూ మొండికేస్తాయి, మీరెంత నడిచినా.

నడక_మధ్యలో అడిగారు:

ఈ రాత్రి నుంచే గేటు దాకా. రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలి? నెలకు చేయించవచ్చా?

లెక్కప్రకారం రాశారు:

నెలకు వద్దు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు. నెలకే చూస్తే పాత రోజులు కూడా కలిసి కనిపించి నిరుత్సాహం. పన్నెండు వారాలు నిండాక, అదే ల్యాబులో, ఎనిమిది నుంచి పది గంటలు ఏమీ తినకుండా (మంచినీళ్లు తాగవచ్చు) వెళ్లండి. ముందు రాత్రి పెళ్లి భోజనం ఉంటే రెండు రోజులు ఆగి వెళ్లండి. 6.1 నుంచి 5.9కి వచ్చినా అది మంచి ఫలితమే, 6.1 దగ్గరే నిలిచినా ఎదుగుదల ఆగినట్టు. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుగా చూపవచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా అదే రోజు చూపించుకోండి. 6.5 లేదా అంతకు మించి వస్తే ఇంకో మూడు నెలలు చూద్దామని మీకు మీరే వాయిదా వేసుకోవద్దు, ఆ వారమే డాక్టరును కలవండి.

అన్నట్టు, అయిదో వారంలో మధ్యాహ్నపు నడక కలిపినప్పుడు రాత్రి నడక తప్పడం మొదలైతే మధ్యాహ్నందే ఆపండి. రాత్రిది ముందు నిలవాలి.